సామాన్ల బండి

మిల్లీగ్రాము మేస్త్రికి అసూయ అనే జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. తోడల్లుడు కారు కొన్న రోజున పట్టుకుంది.

అంతకుముందు ఆయన ఎవరి మీదా కళ్ళలో నిప్పులు పోసుకున్న మనిషి కాదు. ముప్ఫై ఏళ్ళుగా కాటాలు బాగుచేసే పని. మార్కెట్ వెనక సందులో, తలుపు తీస్తే కుర్చీకి తగిలేంత గది. కూరగాయల వాళ్ళ కాటాలు, బంగారం కొట్ల బుల్లి కాటాలు, పాత ఇనుము కొనేవాళ్ళ పెద్ద కాటాలు, అన్నీ ఆ బల్ల మీదికి రావలసిందే. రెండు గ్రాముల తేడా ఉన్నా "ఏముందిలే" అని వదిలేయడు. అందుకే మార్కెట్టంతా కలిసి ఆ పేరు పెట్టింది. ఎవరైనా దుకాణదారు వచ్చి "కాటా తప్పు చూపిస్తోంది మేస్త్రీ" అంటే ఆయనకు ముందు అనుమానం కాటా మీద కాదు, దుకాణదారు మీద. "కాటాకు ఏ ఆశా లేదయ్యా, అదెందుకు అబద్ధమాడుతుంది?" అనేవాడు. బాగుచేసిన ప్రతి కాటాకూ పక్కన ఒక కాగితం అంటించి పంపేవాడు. ఎర్ర సిరాతో, తన సొంత దస్తూరీలో: "మోతాదు మించి వేయకండి."

తోడల్లుడిది కర్టెన్ల షాపు. టేపు మెడలో ఉంటుంది గానీ మెడ దిగదు. ఎవరింటికైనా వెళ్ళి, కిటికీని ఒక కన్ను మూసి చూసి, "ఎనిమిది మీటర్లు" అంటాడు. గుడ్డ కోసి, కుట్టి, తగిలిస్తే బెత్తెడు కాదు కదా, వేలెడు కూడా తేడా రాదు. ఇది మిల్లీగ్రాముకు ఏనాడూ మింగుడు పడలేదు. కొలవకుండా, తూచకుండా బతికేవాడు ఎక్కడో ఒకచోట బోర్లా పడాలి కదా! పడడే. నవ్వుతూ వస్తాడు, నవ్వించి పోతాడు, ఎక్కడ కూర్చున్నా నలుగురు చుట్టూ చేరతారు.

ఇద్దరివీ పాత కార్లే. ఒకే కంపెనీ, ఒకే మోడలు, వయసులో ఏడాది అటూ ఇటూ. తేడా అంతా ఏసీలో ఉంది. తోడల్లుడి కారెక్కితే వేసవి బయటే ఉండిపోతుంది. మిల్లీగ్రాము కారెక్కితే వేసవి కూడా పక్కన ఎక్కి కూర్చుంటుంది.

దీనితో ఆయనకు వచ్చిన నష్టం చెమట కాదు. ఆయన భార్యకు ఎండ పడదు. కుడి కణత దగ్గర నొప్పి సన్నగా మొదలై, సాయంత్రానికి తలకు గుడ్డ బిగించుకుని చీకటి గదిలో పడుకోవలసిందే. అందుకని రెండు కుటుంబాలూ కలిసి ఎక్కడికి బయలుదేరినా ఆవిడ చెల్లెలి కారెక్కేది. సూట్‌కేసులు, బకెట్లు, దుప్పట్ల మూటలు ఈయన కారెక్కేవి. ఆ కారుకు "సామాన్ల బండి" అని మరదలు పేరు పెట్టింది. పెట్టినావిడ మరిచిపోయింది గానీ పేరు మిగిలిపోయింది.

కిందటేడు ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు దారి పొడుగునా ముందు తోడల్లుడి కారు, వెనక ఈయన. ముందు కారు వెనకద్దంలోంచి భార్య తల కనిపిస్తోంది. తోడల్లుడు ఏదో అంటున్నాడు, ఆవిడ తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. వంద కిలోమీటర్లలో తొమ్మిదిసార్లు నవ్వింది. మిల్లీగ్రాము లెక్కపెట్టాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో తన మాటకు ఆవిడ అలా తల వెనక్కి వాల్చి నవ్విన గుర్తు లేదు. పక్క సీట్లో దుప్పట్ల మూట, సీటు బెల్టు పెట్టుకుని కూర్చుంది.

ఇలా ఉండగా బావమరిదికి పాప పుట్టింది. వచ్చే ఆదివారం అందరూ వెళ్ళి చూసి, అత్తగారిని అక్కడ దించి రావాలని అనుకున్నారు. రెండు గంటల ప్రయాణం. ఈసారి భార్య తన పక్క సీట్లో కూర్చోవాలి, అంతే. అది తప్ప మిల్లీగ్రాముకు ఇంకేమీ అక్కర్లేదు.

తోడల్లుడికి ఏసీ సంగతి చెప్పకపోయినా తెలుసు. "మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి అన్నయ్యగారూ. నా పేరు చెప్పండి, వెంటనే చూస్తాడు" అన్నాడు.

నా పేరు చెప్పండి! పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ముప్ఫై ఏళ్ళుగా జుట్టంత సన్నని తీగలతో పనిచేసిన చేతులు, కర్టెన్లవాడి పేరు చెప్పుకుని ఒకడి ముందు నిలబడాలా? "ఆ మాత్రం నేను చేసుకోలేనా" అని, సోమవారం సాయంత్రం వరండా ముందు కారు పెట్టి పని మొదలుపెట్టాడు.

మొదట డాష్‌బోర్డు అరను ఊడదీశాడు. దాని వెనక ఉండే ఫిల్టరు బయటికి లాగితే బూడిద రంగు దుమ్ము పరుపు, రెండు ఎండుటాకులు, ఒక బల్లి తోక వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ పరుపులోంచి వచ్చిన గాలినే పీల్చామా అని భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కొత్త ఫిల్టరు వేశాడు. మంగళవారం బానెట్టెత్తి, రేడియేటర్ ముందుండే, ఏసీ గ్యాస్ చల్లబడే జాలీని చూశాడు. దాని రేకుల మధ్య బురదా, చచ్చిన పురుగులూ అట్టకట్టుకుపోయి ఉన్నాయి. ధార గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయని పైపును బొటనవేలితో అదుపు చేసుకుంటూ కడిగాడు. వంగిన రేకుల్ని పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్కటే నిలబెట్టాడు. కొట్లో ఉన్న థర్మామీటరు తెచ్చి గాలి వచ్చే కన్నంలో గుచ్చితే పదహారు చూపించింది. మెరుగే. కానీ చాలదు.

గురువారం నాలుగు వందల గ్రాముల గ్యాస్ డబ్బా, గేజీ ఉన్న గొట్టం కొనుక్కొచ్చాడు. కొట్టు నుంచి ఒక కాటా కూడా మోసుకొచ్చాడు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు పెట్టుకుని, ఇంజిను నడుస్తుండగా, ఏసీ నిండా తిప్పి, డబ్బాను కాటా మీద నిలబెట్టి గొట్టం బిగించాడు. గ్యాస్ కొంచెం కొంచెంగా వదులుతూ, కాటా అంకె తగ్గడాన్ని ఊపిరి బిగబట్టి చూశాడు. నూట పది గ్రాములు వెళ్ళేసరికి గేజీ ముల్లు ఆకుపచ్చ గీతల నడిమధ్యకు వచ్చి నిలిచింది. కట్టేశాడు. థర్మామీటరు పదకొండు.

శుక్రవారం సాయంత్రం భార్యను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని రెండు వీధులు తిప్పాడు. ఆవిడ అరచేతిని గాలికి అడ్డం పెట్టి, ఆ చెయ్యి తీసి చెంపకు ఆనించుకుంది.

"అబ్బ! ఎంత హాయిగా ఉందండీ. ఆదివారం నేను మన కారులోనే వస్తాను."

మనిషికి బుద్ధుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

శనివారం పొద్దున్నే, కర్టెన్ల కడ్డీలు తీసుకెళ్తానని వంక పెట్టుకుని తోడల్లుడింటికి వెళ్ళాడు. బావమరిది ఇంటికి కర్టెన్లు తోడల్లుడే కుట్టిస్తున్నాడు మరి, కడ్డీలు మోసేది సామాన్ల బండే కదా. మిల్లీగ్రాము జేబులో థర్మామీటరు ఉంది. తోడల్లుడు లోపలికి వెళ్ళడమే ఆలస్యం, తాళం దానికే వదిలేసిన అతని కారులో కూర్చుని ఏసీ వేసి థర్మామీటరు గుచ్చాడు. అంకె దిగుతోంది. పదకొండు దాటింది. తొమ్మిది. ఎనిమిది. ఏడు దగ్గర ఆగింది.

ఏడు!

పదకొండుకూ ఏడుకూ తేడా చెంపకు తెలియదు, చేతికి తెలియదు. కడుపుకు తెలుస్తుంది. మిల్లీగ్రాము కడుపు భగ్గుమంది. ఏనాడూ బానెట్టెత్తి చూడని వాడికి ఏడు, టూత్‌బ్రష్‌తో రేకులు దువ్విన తనకు పదకొండా? రేపు ఆవిడ తన కారులో కూర్చుని, ఎల్లుండి చెల్లెలి కారులో కూర్చుంటే తేడా పోల్చుకోదా? పోల్చుకుని నోటితో అనకపోతే మాత్రం మనసులో అనుకోదా?

ఇంటికొచ్చి డబ్బా తీశాడు. కాటా అప్పటికే కొట్టుకు వెళ్ళిపోయింది. మళ్ళీ తెచ్చే ఓపిక లేదు. "వాడైతే కంటితో చూసి పోస్తాడు, వాడికేమైనా చెడిందా?" అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి తూచకుండా పోయడం మొదలుపెట్టాడు. ముల్లు ఆకుపచ్చ దాటి పసుపులోకి వెళ్ళింది. పసుపు దాటి ఎరుపులోకి వెళ్ళింది. డబ్బా ఖాళీ అయింది.

"చవక రకం గేజీ. తప్పు చూపిస్తోంది" అన్నాడు పైకే.

ఈ మాటను ఆయన ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వందల మంది దుకాణదారుల నోట విన్నాడో! విన్న ప్రతిసారీ మీసంలో నవ్వుకున్నాడు. ఈసారి మాత్రం నవ్వు రాలేదు, నమ్మకం వచ్చింది. థర్మామీటరు పదకొండు నుంచి పదమూడుకు ఎక్కినా, నిలబెట్టిన కారు కదా, రేపు రోడ్డెక్కితే అదే దిగుతుందని సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం తొమ్మిదింటికి బయలుదేరారు. భార్య ఇటు రావడం చూసి మరదలు, "అదేంటక్కా, సామాన్ల బండిలోనా?" అంది.

"మీ బావగారు బాగుచేశారే. శుక్రవారం ఎక్కి చూశాను, మీదానికి ఏం తీసిపోదు" అంది భార్య. మిల్లీగ్రాము ఏమీ వినపడనట్టు అద్దం తుడుచుకున్నాడు గానీ, రెండు చెవులూ అటే ఉన్నాయి.

అరగంట బాగానే సాగింది. ఎండ ముదిరేసరికి గాలి గోరువెచ్చనయింది. బానెట్టు లోపల ఏదో టక్కుమని ఆగడం, మళ్ళీ మొదలవడం, మళ్ళీ ఆగడం. కాసేపటికి కన్నాల్లోంచి వేడిగాలి కొట్టింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయింది. అద్దాలు దించితే బయటి గాలి అంతకన్నా వేడిగా ఉంది. ఆవిడ బొటనవేలితో కుడి కణత నొక్కుకుంటోంది.

"మొదలైందా?"

"పర్వాలేదండీ."

ఇంకో పది కిలోమీటర్లు పోయాక మళ్ళీ అడిగాడు. "పర్వాలేదు" అంది కళ్ళు మూసుకునే. మిల్లీగ్రాము హారన్ కొట్టి, లైట్లు వేసి, ముందు కారును ఆపించి, పెట్రోలు బంకులోకి తిప్పాడు.

"శుక్రవారం బాగుంది కదా. ఏమైంది?" అంది ఆవిడ.

"నిన్న ఇంకొంచెం గ్యాస్ ఎక్కించాను."

"ఎందుకు?"

"వాళ్ళది ఏడు ఉంది. మనది పదకొండే."

ఆవిడకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, నొప్పిలోనే కళ్ళు తెరిచి ఆయన వైపు చూసింది. "నేను మిమ్మల్ని ఏడు అడిగానా?"

తోడల్లుడు నీళ్ళ సీసా పట్టుకుని పరుగున వచ్చాడు. మరదలు అక్క చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తమ కారులో కూర్చోబెట్టింది. ఆవిడ లేచిన సీటులోకి, వెనక సీటు మీంచి జారిన కర్టెన్ల మూట వచ్చి పడింది. ఆ రోజు పాపను ఆవిడ ఒక కన్ను మూసుకునే చూసింది. ఎత్తుకోమంటే, తల తిరిగి పడేస్తానేమోనని భయపడి ఎత్తుకోలేదు.

మర్నాడు మిల్లీగ్రాము ఆ మెకానిక్ దగ్గరికే వెళ్ళాడు. ఊళ్ళో మంచివాడు అతనొక్కడే అని నలుగురూ అన్నారు. "ఎవరు పంపారు?" అని అడిగితే గొంతు సవరించుకుని, తోడల్లుడి పేరే చెప్పాడు.

మెకానిక్ ఒక చక్రాల పెట్టెను తోసుకొచ్చి కారుకు గొట్టాలు తగిలించాడు. కారులోని గ్యాసంతా లాగి ఖాళీ సిలిండర్లోకి పట్టాలి. ఆ సిలిండరును ఒక కాటా మీద పెట్టి అంకె సున్నా చేశాడు. కాటా పక్కన ఒక కాగితం, అంచులు నూనె మరకలతో మాసిపోయి ఉంది. ఎర్ర సిరా. "మోతాదు మించి వేయకండి." రెండేళ్ళ కిందట ఎవరో తన కొట్లో ఇచ్చి బాగుచేయించి తీసుకెళ్ళిన కాటా. దస్తూరీ గుర్తుపట్టడానికి మిల్లీగ్రాముకు కళ్ళద్దాలు అక్కర్లేకపోయింది.

అంకె పెరిగి పెరిగి ఏడు వందల తొంభై దగ్గర ఆగింది.

"దీనికి పట్టేది ఐదు వందలే సార్" అని మెకానిక్ బానెట్టు కింద అంటించిన చీటీ చూపించాడు. "గ్యాస్ ఎక్కువైతే లోపల ఒత్తిడి పెరిగి కంప్రెసర్ ఆగిపోతుంది. ఎవడో తూచకుండా కుక్కాడు. ఇంత తెలివితక్కువ పని ఎవడు చేశాడు సార్?"

"ఉన్నాడులే ఒకడు" అన్నాడు మిల్లీగ్రాము.

ఏడు వందల తొంభైలోంచి ఐదు వందలు తీస్తే రెండు వందల తొంభై. నాలుగు వందల డబ్బాలోంచి గురువారం వాడిన నూట పది తీస్తే మిగిలిందీ రెండు వందల తొంభయ్యే. అంటే గురువారం నాడు కారులో సరిగ్గా ఐదు వందలు ఉంది. ఒక్క గ్రాము తేడా లేకుండా! తన జీవితంలోకెల్లా మంచి తూకం తనే తూచి, తనే పాడుచేసుకున్నాడు. మెకానిక్ ఐదు వందలు నింపి థర్మామీటరు పెడితే పదకొండు చూపించింది. "ఈ ఎండల్లో పదకొండంటే దివ్యంగా ఉన్నట్టు" అన్నాడు.

గొట్టాలు విప్పుతూ మెకానిక్ ఇంకో మాట అన్నాడు. "మీ తోడల్లుడుగారికి కాస్త చెప్పండి సార్. ఆయన కారులో గ్యాస్ కారుతోంది. నేను నింపుతూ ఉంటాను, అది పోతూ ఉంటుంది. ముందుండే జాలీ మార్చాలి. ఈసారి మూడు వారాలు కూడా ఆగదు. నేను చెబితే నవ్వి వెళ్ళిపోతారు, మీరు చెబితే వింటారు."

మిల్లీగ్రాము నెత్తిన పాలు పోసినట్టయింది. ఏడు కారిపోతోంది! "చెబుతాను, చెబుతాను" అన్నాడు. చెప్పలేదు. ఒకటి రెండుసార్లు తోడల్లుడు ఎదురుపడి "ఏసీ ఎలా ఉందన్నయ్యగారూ?" అని మనసారా అడిగినా, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. తన బుద్ధికి తనకే రోత పుట్టింది. అయినా నోరు తెరవలేదు.

మూడు వారాలకు అత్తగారిని తీసుకురావడానికి మళ్ళీ అందరూ బయలుదేరారు. ఆ పొద్దున తోడల్లుడి కారు ఏసీ ఉస్సురుమంది. మరదలు సంచి పట్టుకుని నేరుగా వచ్చి మిల్లీగ్రాము కారు ముందు తలుపు తీసింది.

"బావగారూ, నేను మీ దాంట్లో వస్తాను. నాకు వెనక సీటైతే కడుపులో తిప్పేస్తుంది, తెలుసుగా."

తెలుసు. వెనక సీట్లో కూర్చుంటే ఐదు కిలోమీటర్లకు ఒకసారి కారు ఆపాలి. ఆవిడ ముందు కూర్చుంది. భార్య వెనక కూర్చుంది. బావమరిది ఇంటికి కొన్న కుర్చీ, పాప ఉయ్యాల, మూటలన్నీ తోడల్లుడి కారెక్కాయి. సామాన్ల బండి మారిపోయింది.

పదకొండు డిగ్రీల చల్లదనంలో మరదలు రెండు గంటలసేపు పక్కింటివాళ్ళ కుక్క గురించి చెప్పింది. భార్య వెనక హాయిగా నిద్రపోయింది. మిల్లీగ్రాము అద్దంలో చూశాడు. వెనక కారులో తోడల్లుడు ఒక్కడే, అద్దాలన్నీ దించి, మోచెయ్యి బయటపెట్టి, చెమటలు కక్కుతూ గొంతెత్తి పాడుకుంటూ వస్తున్నాడు. అతని పక్క సీటు ఖాళీగా ఉంది. ఓరి వీడి దుంప తెగ, వేడిలో కూడా వీడే సుఖపడుతున్నాడే అని మిల్లీగ్రాముకు మళ్ళీ కడుపు మండింది.

అక్కడ భార్య పాపను రెండు చేతులా ఎత్తుకుంది. రెండు కళ్ళూ తెరిచి చూసింది. దించమన్నా దించలేదు. గుమ్మంలో నిలబడి అది చూసిన మిల్లీగ్రాముకు బంకు దగ్గర ఆవిడ అడిగిన మాట మళ్ళీ వినిపించింది.

సాయంత్రం బయలుదేరేటప్పటికి ఎండ దిగిపోయి, చెట్ల మీంచి గాలి వీస్తోంది. మిల్లీగ్రాము తన తాళం తీసి తోడల్లుడి చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వు నడుపు తమ్ముడూ. అత్తయ్యగారినీ మీ ఆవిడనూ చల్లగా తీసుకురా. నీ బండి నేను తెస్తాను." కాస్త ఆగి, నేల చూస్తూ అన్నాడు. "జాలీ మార్చాలని నీ మెకానిక్ చెప్పమన్నాడు. మూడు వారాల కిందట."

తోడల్లుడు ఒక్క క్షణం నవ్వలేదు. మిల్లీగ్రాము ఆ ముఖం మీద నవ్వు లేకపోవడం చూడటం అదే మొదలు. బాగాలేదు. తర్వాత తోడల్లుడు తాళాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. "చెప్పినా నేను మార్చేవాణ్ణి కాదులెండి అన్నయ్యగారూ. కానీ చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే."

అత్తగారు చల్లని కారులోంచి పెద్దకూతుర్ని కేకేసింది. "రావే, ఇక్కడ చోటుంది."

"ఇప్పుడు ఎండ లేదు కదమ్మా" అంది ఆవిడ. అటునుంచి ఇటు నడిచి వచ్చి, సామాన్ల బండి ముందు తలుపు తీసింది. సీట్లో ఉన్న అత్తగారి మూటను ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. మిల్లీగ్రాము రమ్మనలేదు. రమ్మని అడిగే మొహం తనకు లేదనుకున్నాడు.

ఆవిడ ముంగురులు గాలికి రేగుతున్నాయి, చెయ్యి తీసి కిటికీ మీద పెట్టుకుంది. ముందు తన కారు, అద్దాలన్నీ బిగించుకుని సాఫీగా పోతోంది. లోపల ముగ్గురూ దేనికో నవ్వుతున్నారు. మిల్లీగ్రాము కళ్ళు దాన్ని వదలడం లేదు.

"మన కారులో ఇప్పుడు ఎంత ఉండి ఉంటుందంటావ్?"

ఆవిడ తల వెనక్కి వాల్చి, రోడ్డు పక్కన ఎవరో తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది.

"పదకొండు" అంది. "మీరు రోడ్డు చూడండి."